రెండు దినాల మెడనొప్పి

నా కోడలు నా ఇంట్లో కూర్చుని అమెరికావాళ్ళ మెడనొప్పులకు నంబర్లు వేసింది. అదే ఇంటి మనిషి, నా భార్య, మెడనొప్పితో చచ్చిపోయింది. ఇది జరిగిన సంగతి. దీని మీద నాతో వాదించడానికి ఎవరూ రావద్దు.

నా పేరు వీరభద్ర. మా ఊరు ఆలూరుకు దగ్గర. నాలుగెకరాల చేను, అందులో ఉల్లి. ఎనిమిదో తరగతి దాకా మా ఊరి బడిలో చదివాను. తప్పుల్లేకుండా రాయడం అక్కడ నేర్పారు. అంతకు మించి ఏమీ నేర్పలేదు. నా కొడుకు మహానంది డోన్‌లో లారీ తోలుతాడు, వారానికోసారి ఇంటికి వస్తాడు. డోన్ పిల్లనే చేసుకున్నాడు. ఆ పిల్ల పేరు రమ్యశ్రీ. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఏదో కోర్సు చేసి మెడికల్ కోడింగ్ అనే పనిలో చేరింది. ఇంటి నుంచే చేసుకోవచ్చని కంపెనీ చెప్పిందట. పోయినేడు జూన్‌లో ఒక కంప్యూటరు, ఒక బ్యాటరీ పెట్టె, నాలుగు వైర్లు తెచ్చి మేము జొన్నలు పోసుకునే గదిలో పెట్టింది. జొన్నలు వసారాలోకి వచ్చాయి. ఎవరూ నన్ను అడగలేదు.

"ఏం పనమ్మా అది?" అని మొదటి రోజే అడిగింది నా భార్య గంగక్క.

"అమెరికాలో డాక్టర్లు రోగుల్ని చూసి రాస్తారు గదత్తా. ఆ రాసిందంతా మేం చదివి, ఏ రోగానికి ఏ నంబరో ఆ నంబరు వేస్తాం. దాన్ని చూసి ఇన్సూరెన్సోళ్ళు ఒప్పుకుంటారు."

"రోగాలకు నంబర్లా? మన ఎనుములకు గూడా చెవుల్లో నంబర్లు కొట్టిపోయినారు పశువులాస్పత్రోళ్ళు," అంది గంగక్క.

అత్తా కోడలూ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు.

"నాకు మెడలూ నడుములూ ఇచ్చినారత్తా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెడలే."

నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. "మెడనొప్పికి నంబరేంది? నొప్పంటే నొప్పే కదా," అన్నాను.

"కాదు మామా. ఉత్త మెడనొప్పి అని రాస్తే ఒక నంబరు. నొప్పి చేతిలోకి దిగితే ఇంకొకటి. మెడలో ఎముక పెరిగి వెన్నుపామును నొక్కతాంటే అది వేరే. మొదటిదానికి మాత్రలిచ్చి పంపిస్తారు. కడాదానికి ఆపరేషన్ చెయ్యల్ల, లేకుంటే మనిషి పడిపోతాది."

"ఆ మెడల్ని నువ్వు చూసినావా?"

"మేం చూడం మామా. డాక్టరు ఏం రాసింటే అదే. ఆయన రాయకుంటే లేనట్లే. మేం ఊహించగూడదు."

చూడని మెడకు నంబరు వేసి జీతం తీసుకునే పని. అంతకంటే పనికిమాలిన పని నేను వినలేదు. ఆ మాట ఆమె ముఖం మీదే అన్నాను. ఆమె చెవులకు రెండు దొప్పలు తగిలించుకుని కంప్యూటరు వైపు తిరిగింది. మహానంది ఆ వారం వచ్చినప్పుడు వాడితోనూ అన్నాను. వాడు తల గోక్కున్నాడు. పెళ్ళైనప్పటి నుంచి వాడు చేసే పని అదొక్కటే.

గంగక్కకు మాత్రం ఆ గది అలవాటైంది. మధ్యాహ్నం చేను నుంచి వచ్చి ఆ పిల్ల పక్కన కింద కూర్చుని శనక్కాయలు ఒలిచేది.

"ఈ పొద్దు ఎవురికమ్మా నొప్పి?"

"ఒక ముసలామెకత్తా. డెబ్భై ఒకటి. కుక్కను పట్టుకోని పోతా పడిందంట."

"అయ్యో. తగ్గిందా ఆయమ్మకు?"

"తెలీదు. నంబరు వేసినాక మాకు మళ్ళా కనపడరు."

"అట్లెట్ల? తగ్గిందో లేదో ఒక మాట కనుక్కోరా ఎవురూ?"

నా భార్య అమాయకురాలు. అమెరికా ముసలమ్మ మెడ గురించి బాధపడింది. తన మెడ గురించి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

చెప్పడానికి ఏముందని కూడా అనుకుని ఉంటుంది. నా ఇంటికి వచ్చిన రోజు నుంచి ఆమె తల మీద ఏదో ఒకటి ఉంది. నీళ్ళ బిందెలు, పేడ గంపలు, శనగ మూటలు, ఉల్లి గంపలు. ముప్పై మూడేళ్ళు. మా ఊళ్ళో ఆడదానికి మెడనొప్పి అంటే ఎవరూ తల తిప్పి చూడరు. కాస్త బామ్ రాసుకుని పడుకుంటారు. పొద్దున్నే మళ్ళీ బిందె ఎత్తుతారు.

ఆగస్టు ఆఖరున ఉల్లిగడ్డ పీకడం మొదలుపెట్టాము. ఒకరోజు పొద్దున్నే, కూలీలు చేనుకు బయలుదేరే ముందు, పక్కింటి ఈరక్క మా వాకిట్లో కూర్చుని ఉంది. గంగక్క ఆమెకు టీ గ్లాసు అందించబోయింది. గ్లాసు జారి కింద పడింది. కోడలు లోపలి నుంచి వచ్చి గ్లాసు తీయలేదు, గంగక్క చెయ్యి పట్టుకుంది.

"ఇది నాలుగోది ఈ వారంలో. అత్తా, నీ రవిక హుక్కులు మూణ్ణెల్ల నుంచి నేనే పెడతాండా. ఏమైతాంది నీ చేతులకి?"

ఈరక్క చప్పట్లు కొట్టింది. "కోడలితో హుక్కులు పెట్టించుకుంటాండావా గంగక్కా? మహారాణివే! నా కోడలు నాకు సెంబు నీళ్ళు గూడా ఇయ్యదు గదే!"

"నువ్వు గమ్మునుండు పెద్దమ్మా," అంది రమ్యశ్రీ. ఆమె నవ్వలేదు. గంగక్కను అరుగు మీద కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. నొప్పి ఎన్నేళ్ళ నుంచి? భుజం కిందికి దిగుతాందా? వేళ్ళు మొద్దుబారతాన్నాయా? సూదిలో దారం ఎక్కించి ఎన్నాళ్ళైంది? నడిచేటప్పుడు ఎట్లుంటాది?

"పత్తి కుప్ప మీద నడిచినట్లుంటాదమ్మా. అడుగు యాడ పడతాందో తెలీదు," అంది గంగక్క. తర్వాత నా వైపు చూసి, ఏదో తప్పు చేసినట్టు, "రోజూ కాదులే," అంది.

హుక్కుల సంగతి నాకు తెలియదు. పత్తి కుప్ప సంగతీ తెలియదు. ముప్పై మూడేళ్ళు ఒక ఇంట్లో ఉన్న మనిషి గురించి రెండేళ్ళ కిందట వచ్చిన పిల్ల నన్ను వాకిట్లో నిలబెట్టి పాఠం చెబుతోంది, ఈరక్క వింటూ ఉండగా.

ఆ పిల్ల అంతా కాగితం మీద రాసింది. ఒక పేజీ, ఇంగ్లీషులో, పెద్ద పెద్ద అక్షరాలతో. దాన్ని ఫోనులో ఫొటో కూడా తీసుకుంది.

"డాక్టర్లకు తీరిక ఉండదు మామా. నోటితో చెప్తే సగం పోతాది. ఇది చేతిలో పెట్టండి, చాలు. కాదులే, నేనే వస్తా రేపు. లీవు అడిగితే ఇయ్యలేదు, ఆడిట్ ఉండాదంట. అయినా వస్తా."

"నువ్వొస్తే నీ అమెరికా మెడల్ని ఎవురు చూస్తారు? నేను చచ్చినానా?" అన్నాను.

కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

మరుసటి రోజు ఆదోనిలో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి పోయాము. పేరు చెప్పను, అవసరం లేదు. కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు. గంగక్క గోడకు ఆనుకుని నిలబడింది. లేచి సీటు ఇచ్చే మగవాడు అక్కడ ఒక్కడూ లేడు. నేను కూర్చున్నాను, మా పేరు పిలిస్తే వినబడాలి కదా. లోపలికి పోయేసరికి పన్నెండు దాటింది. పొద్దున బయలుదేరేటప్పుడే పడమర మబ్బు చూశాను. చేలో రెండెకరాల గడ్డ పీకి ఆరబెట్టి ఉంది. వాన పడితే మొత్తం కుళ్ళిపోతుంది.

డాక్టరుకు నా కోడలి వయసు ఉంటుంది. కంప్యూటరు ముందే కూర్చుని ఉన్నాడు. ఎవరిని చూసినా కంప్యూటరే.

"ఏం ఇబ్బంది?"

"మెడ నొప్పి సార్," అన్నాను.

"ఎన్ని రోజుల నుంచి?"

"రెండు దినాలు."

మా వైపు డాక్టరు దగ్గర అందరం అదే చెబుతాం. మా నాయనా అదే చెప్పేవాడు. ఏళ్ళ నుంచి అని అంటే స్కానింగు అంటారు, కర్నూలు పొమ్మంటారు, పడక వేయమంటారు. రెండు దినాలు అంటే మాత్రలిచ్చి పంపిస్తారు, సాయంత్రానికి మనిషి చేలో ఉండొచ్చు. డాక్టర్లకు మాత్రమే ఈ సంగతి తెలియదు. వాళ్ళు చదివిన పుస్తకాల్లో కోతల కాలం ఉండదు.

అతను గంగక్క వైపు తిరిగాడు. "చేతుల్లో తిమ్మిర్లు ఉన్నాయా అమ్మా? పట్టు తప్పడం, వస్తువులు జారిపోవడం?"

గంగక్క నన్ను చూసింది. "అప్పుడప్పుడూ సార్, అంటే..."

"ఏం లేదు సార్. గడ్డ కోసేటోళ్ళకు అందరికీ ఉండేదే," అన్నాను.

అతను నన్ను చూశాడు, ఆమెను చూశాడు. తలుపు దగ్గర ఇంకో ఆరుగురు తోసుకుంటున్నారు. అతను కంప్యూటరులో కొట్టాడు. లేచి రెండు వేళ్ళతో మెడ నొక్కి, తల ఇటూ అటూ తిప్పి, పది రోజుల మాత్రలు రాసి, మెడకు పట్టీ వేసుకోమన్నాడు, తల మీద బరువు ఎత్తొద్దన్నాడు.

కోడలు రాసిన కాగితం నా జేబులో ఉంది. తీయలేదు. మరచిపోయి కాదు. నా భార్య గురించి నాకు తెలియనిది నా కోడలికి తెలుసని ఒప్పుకునే కాగితం అది. దాన్ని ఆ కుర్రవాడి చేతిలో పెట్టి, వాడు చదువుతుంటే ఎదురుగా నిలబడాలి. హుక్కుల సంగతి కూడా అందులో రాసిందో ఏమో. నాకు ఇంగ్లీషు రాదు.

తిరుగు బస్సులో గంగక్క కిటికీ పక్కన కూర్చుంది. మెడకు కొత్త పట్టీ.

"కాగితం ఇయ్యలేదేమప్పా?"

"ఆయప్ప అడిగినాడా?"

"అడక్కుంటే ఇయ్యగూడదా?"

"గడ్డ ఇల్లు చేరనీ. ఆ తర్వాత కర్నూలు పోదాం, కాశీ పోదాం."

"కాశీ ఏమొద్దులే. మంత్రాలయం చాలు. దానికైతే నేరుగా బస్సు ఉండాది," అని నవ్వింది.

కోడలు వాకిట్లోనే ఎదురొచ్చింది. చెవుల దొప్పలు మెడలో వేలాడుతున్నాయి.

"కాగితం ఇచ్చినారా మామా?"

"ఇచ్చినా."

ఆమె గంగక్క వైపు చూసింది.

"చదివినాడమ్మా. నీ కోడలు బాగా రాసింది అన్నాడు," అంది గంగక్క.

నేను కాళ్ళు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాను. కోడలు డాక్టరు చీటీ చదువుతూ నిలబడిపోయింది.

"మెడనొప్పి, రెండు రోజులు. తిమ్మిర్లు లేవు. నడకలో తేడా లేదు. ఇదేం రాత? నేను రాసింది చదివి ఇట్ల రాసినాడా? ఇది ఉత్త నొప్పి నంబరే." చీటీ మడుస్తూ మెల్లగా అంది, "నేనే తప్పు రాసినానేమోలే. గ్రామరు సరిగ్గా లేదేమో."

"నీది ఏం తప్పు లేదమ్మా," అంది గంగక్క.

"ఆదివారం కర్నూలు పోదామత్తా. నేనే తీసుకోపోతా. అంతవరకూ తల మీద ఏమీ ఎత్తొద్దు. ఈ చీటీలో అదొక్కటి మాత్రం సరిగ్గా రాసినాడు."

"గడ్డ అయిపోనీమ్మా."

శనివారం మధ్యాహ్నం మబ్బు నల్లగా కమ్ముకొచ్చింది. ట్రాక్టరు చేను దగ్గరికి రాదు, గట్టు దాటి బాట మీదే నిలబడింది. ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళందరినీ పిలిపించాను. గంగక్క కూడా వచ్చింది. నేను రమ్మనలేదు. వద్దని కూడా అనలేదు. మెడపట్టీ ఉంటే తల మీద గంప నిలబడదని పట్టీ విప్పి గట్టు మీద పెట్టింది. మూడు గంపలు ట్రాక్టరుకు చేర్చింది. నాలుగోది తీసుకుపోతూ గట్టు దగ్గర కాలు తడబడి పడిపోయింది.

గంప బోర్లా పడింది. గడ్డలు వాలులోకి దొర్లాయి.

"లెయ్ గంగక్కా, ఎవురూ చూడలేలే!" అని అరిచింది ఈరక్క. ఆడవాళ్ళు నవ్వారు.

"లేస్తాండా," అంది గంగక్క.

నేను ముందు గడ్డలు ఏరాను. వాన వస్తోంది కదా.

"లేస్తాండా ఉండండి. లేస్తాండా," అంటూనే ఉంది. చేతులు కదలలేదు, కాళ్ళు కదలలేదు. నోరు ఒక్కటే ఆ మాట అంటోంది. ఈరక్క గంప పారేసి పరుగెత్తింది. నా చేతుల్లో అప్పటికి పది గడ్డలున్నాయి.

ఆ రోజు వాన పడలేదు. మబ్బు ఆస్పరి వైపు పోయింది.

కర్నూలులో ఒక ఆస్పత్రిలో చేర్చాము. మెడలో వెన్నుపాము నలిగిపోయిందన్నారు. ఎప్పటి నుంచో నలుగుతూ ఉందని, ఈ దెబ్బతో పూర్తిగా పోయిందని అన్నారు. మూడో రోజు అక్కడి పెద్ద డాక్టరు వచ్చి పాత చీటీ అడిగాడు. చదివి, చీటీని మంచం అంచు మీద పడేశాడు.

"రెండు రోజులా? ఆరు నెలల కిందటే ఈమె చేతులు పట్టు తప్పి ఉండాలి. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"గమనించినాం సార్," అంది రమ్యశ్రీ. ఫోను తీసి ఫొటో చూపించింది. అతను వేళ్ళతో పెద్దది చేసుకుని మొత్తం చదివాడు.

"ఎవరు రాశారు ఇది?"

"నేనే సార్. కోడింగ్ చేస్తా."

"అన్నీ ఉన్నాయి ఇందులో. ఇది చూసిన ఏ డాక్టరూ మాత్రలిచ్చి ఇంటికి పంపడు. ఆదోనిలో ఇది ఇచ్చారా?"

"మామ ఇచ్చినాడు సార్, చేతికి," అంది ఆమె.

అతను నన్ను చూశాడు. మహానంది చూశాడు. నేను తల ఊపాను. మంచం మీద గంగక్క కళ్ళు తెరిచే ఉంది. అప్పటికి ఆమెకు మాట వస్తోంది. కళ్ళు మూసుకుంది.

పంతొమ్మిదో రోజు ఊపిరితిత్తుల్లో చీము చేరి ప్రాణం పోయింది.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా అరుగు మీద కూర్చుని ఆదోని డాక్టరును తిట్టారు. ఒకరికి మెడ ఎక్కడుందో తెలియదు, ఇంకొకరు ఆస్పత్రి గడప తొక్కి ఎరగరు, అందరూ డాక్టర్లే. ఈరక్క ఏడుస్తూ, "బంగారట్ల కాగితం రాసిచ్చింది కోడలు. ఆ సచ్చినోడు సూసి గూడా పంపించేసినాడు," అని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. నేను విన్నాను. టీలు అందించాను.

కర్మలన్నీ అయిన మరుసటి రోజు కోడలు నన్ను ఆ గదిలోకి పిలిచింది. మహానంది లారీ కడగడానికి చెరువుకు పోయి ఉన్నాడు. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. అత్త పోయినప్పటి నుంచి ఆమె పనికి సెలవు పెట్టింది, అయినా పొద్దస్తమానం అక్కడే కూర్చుంటుంది. తను రాసిన కాగితం ఫొటోను తెర మీద పెట్టుకుని ఎక్కడ తప్పు రాశానా అని వెతుకుతుంది. ముఖం పీక్కుపోయింది.

"అర్జీ రాసినా మామా. జిల్లా వైద్యాధికారికి. ఆ డాక్టరు మీద. కింద మీ మాట ఉండాది, మీరు సంతకం పెట్టల్ల. చదువుతా వినండి."

తెలుగులోనే రాసింది. ఫలానా తేదీన, ఫలానా ఆస్పత్రిలో, నా భార్య లక్షణాలన్నీ రాసి ఉన్న కాగితాన్ని నేను స్వయంగా డాక్టరు చేతికి ఇచ్చాను, ఆయన చదివారు, అయినా పట్టించుకోలేదు. అంతా శుభ్రంగా ఉంది. ఒక్క అక్షరం తప్పు లేదు.

"సంతకం పెట్టను," అన్నాను.

"ఏమిటికి మామా?"

"పోయిన మనిషి పోయింది."

"ఆయనకు శిక్ష పడల్ల గదా. ఇంకొకరికి ఇట్ల చెయ్యకుండా. మీరు చెప్పిందే రాసినా, నేనేమీ కలపలేదు."

"పెట్టనని చెప్పినా కదా."

ఆమె కుర్చీ నా వైపు తిప్పింది. చాలాసేపు నా ముఖం చూసింది. ఆ పిల్ల నా ముఖం వైపు అట్లా చూడడం అదే మొదలు.

"మామా. కాగితం ఇచ్చినారా?"

వాకిట్లో ఎవరో ఎనుమును అదిలిస్తున్నారు.

"ఇయ్యలేదు," అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను, దానికి జవాబు కూడా సిద్ధంగా ఉంది నా దగ్గర. ఆమె ఏడవలేదు, అరవలేదు.

"అత్తకు తెలుసా?"

"తెలుసు."

ఆమె కంప్యూటరు వైపు తిరిగింది. చదివాడని, బాగా రాసిందన్నాడని అత్త చెప్పిన మాట గుర్తు చేసుకుంటోందని నాకు తెలుసు. తర్వాత అర్జీని కింది నుంచి పైకి ఒక్కొక్క వరుసే తుడిచేసింది. మొత్తం పోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

వారం తిరక్కుండానే డోన్‌కు సామాను కట్టారు. కంప్యూటరు, బ్యాటరీ పెట్టె, వైర్లు అన్నీ లారీకి ఎక్కాయి. కోడలు వాకిలి దాటేటప్పుడు "వస్తా మామా" అనలేదు. మహానంది మాత్రం వెనక్కి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు. పెళ్ళైన తర్వాత వాడు నా మీద గొంతు ఎత్తడం అదే మొదటిసారి.

"అమ్మ కోసం ఒక్క సంతకం పెట్టలేకపోయినావు నాయనా. నీకు మనసు ఉండాదా?"

అంటే ఆమె వాడికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నేను అడగలేదు. నా మీద దయ చూపించమని నేను ఎవరికీ దండం పెట్టలేదు.

జొన్నలు మళ్ళీ ఆ గదిలో పోశాను. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ ఆ డాక్టరును తిడతారు. తిట్టనీ. అతన్ని నేనూ వదలలేదు. ఒకసారి అడిగాడు, నిజమే. రెండోసారి అడగలేదు. నన్ను బయటికి పంపి ఆమెను ఒక్కదాన్నే అడగాలని అంత చదువు చదివినవాడికి తోచలేదు. కోడలినీ వదలలేదు. రావద్దంటే మానేసింది.

మిగిలిన మనిషి పేరు నేను రాయనక్కర్లేదు. ఆ మనిషిని వదిలిపెట్టే ఉద్దేశం కూడా నాకు లేదు.

కోడలికి ఒకసారి చెప్పాను, ఒకసారి ఇక్కడ రాశాను. మా ఇంటికి ఎవరైనా వస్తే గడ్డ గురించి అడగండి, వాన గురించి అడగండి, చెబుతాను. గంగక్క మెడ గురించి నా నోటి నుంచి ఇంకో మాట రాదు.